బెంచీ మీద పెద్దకోడలు

జనవరి 10, శనివారం

ఓడాం. అలా ఇలా కాదు, ఇరవై రెండు పాయింట్ల తేడాతో.

ఇలాంటి రోజుల్లో కోచ్ అన్న మనిషి ఒంటరిగా ఇంటికి పోయి, తలుపేసుకుని, గోడకేసి తల బాదుకోగలగాలి. నాకు ఆ యోగం లేదు. మా బాస్కెట్‌బాల్ జట్టు కెప్టెన్ నా తోడికోడలు. ఉండేది ఒకే ఇల్లు, కింద మేము, పైన వాళ్ళు. ఇద్దరికీ కలిపి ఒకే స్కూటరు. నేను నడుపుతుంటే వెనక కూర్చుని, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "ఇవాళ రింగు నా మీద పగబట్టినట్టుందే" అంది అక్క.

రింగుదేం తప్పు లేదు. అవతలి పిల్లలు బంతి అందుకుని ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తి బాస్కెట్ వేసేసరికి అక్క ఇంకా కోర్టు మధ్య గీత దాటడం లేదు. నేను చూశాను. హాలంతా చూసింది.

"అవును" అన్నాను.

ఆటయ్యాక మా స్పోర్ట్స్ ఆఫీసర్ నన్ను పక్కకు పిలిచాడు. బస్సు కంపెనీలో ఆటల వ్యవహారాలన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి.

"మేడమ్, సీజన్ అయిపోయేలోపు మీరొక మాట చెప్పాలి. కెప్టెన్‌ని, గురిని ఇంకో రెండేళ్ళు నడిపిద్దామా? లేక ఇద్దర్నీ పక్కనబెట్టి కొత్తపిల్లలతో మొదటినుంచీ కడదామా? పైవాళ్ళు అడుగుతున్నారు."

"మీరేమంటారు సార్?"

"నేనేమంటాను మేడమ్? కోచ్ మీరు."

చేతులు దులుపుకోవడంలో ఈయనకు ఈయనే సాటి.

గురి మా షూటర్. అసలు పేరు జీతాల విభాగానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. అక్కా, గురీ కలిసి ఈ కంపెనీకి మూడు కప్పులు తెచ్చారు. మా గేటు దగ్గర ఇప్పటికీ వాళ్ళ ఫొటోలే. అక్కకిప్పుడు ముప్పైఎనిమిది, గురికి ముప్పైఆరు. మేం పట్టికలో అడుగు నుంచి రెండోస్థానంలో ఉన్నాం. అడుగుకు జారితే కింది డివిజన్‌కు పోతాం.

ఆట చూసే నిర్ణయిస్తాను. ఇంటి సంగతి ఇంటిది, ఆట సంగతి ఆటది.

జనవరి 11, ఆదివారం

అత్తయ్య పగలు పైన భోంచేస్తుంది, రాత్రి కింద. ఎవరి వంట ఎలా ఉందో రెండోవాళ్ళకు చేరవేయడం ఆమెకు కాలక్షేపం. ఇవాళ మాత్రం వంట ఊసెత్తలేదు.

"పెద్దదాన్ని తీసేస్తున్నావటగా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నీ మొహమే చెబుతోంది."

మా ఆయన పేపర్ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పేజీ తిప్పలేదు.

"ఈ ఇంటికి నిన్ను తెచ్చింది ఎవరనుకున్నావు?" అంది అత్తయ్య.

అక్కే తెచ్చింది. ఇద్దరం కలిసి ఆడేరోజుల్లో, "మా మరిది ఒకడున్నాడు, పనికొస్తాడేమో చూడు" అంది. చూశాను. పనికొచ్చాడు. ఆ తరవాత నా మోకాలు విరిగి, ఆట ఆగిపోయి, శిక్షణకు వెళ్ళి కోచ్‌నయ్యాను. ఇవన్నీ నాకు తెలియనట్టు ఎందుకు చెబుతారో అర్థం కాదు.

ఇంటి సంగతి ఇంటిది. ఇంకెన్నిసార్లు రాసుకోవాలో.

జనవరి 15, గురువారం

ప్రాక్టీసులో కొత్త పద్ధతి పెట్టాను. బంతి అందగానే పరిగెత్తకూడదు. ఆగాలి, కెప్టెన్ రింగు కిందికి చేరేదాకా బంతిని చేతులు మార్చుకుంటూ ఉండాలి, అప్పుడు మొదలుపెట్టాలి. పిల్లలకు, "ఆటను మన అదుపులో ఉంచుకోవడం" అని చెప్పాను.

పిడుగు నమ్మలేదు. పంతొమ్మిదేళ్ళది, నా భుజం దాకా రాదు, కానీ బంతి చేతికొస్తే కంటికి అందదు. నేల మీద పడ్డ చెమట తుడుస్తున్నట్టు నటిస్తూ నా దగ్గరికొచ్చి అడిగింది.

"మేడమ్, నేను అప్పటికే అక్కడుంటాను కదా. నా ముందు ఎవరూ ఉండరు. అయినా ఆగాలా?"

"ఆగాలి."

"ఎవరి కోసం మేడమ్?"

"జట్టు కోసం."

చిర్రెత్తుకొచ్చింది. పిల్ల మీద కాదు.

జనవరి 17, శనివారం

ఓడాం.

జనవరి 24, శనివారం

ఓడాం. గురి ఒక్కతే ఇరవైనాలుగు పాయింట్లు వేసింది. ఆమె కాపు కాయాల్సిన పిల్ల ముప్పైఒకటి వేసింది. ఆట ముగిశాక గురి బూట్ల లేసులు విప్పుకుంటూ, "చూశావా, చెయ్యి ఇంకా పోలేదు" అంది. పోలేదు. చెయ్యి ఎక్కడికీ పోలేదు.

నిర్ణయం తీసుకున్నాను. రేపు అక్కతో మాట్లాడతాను.

జనవరి 25, ఆదివారం

మేడమీద బట్టలు ఆరేస్తోంది. ఇదే సమయమని ఎక్కాను. ఒక పక్క దుప్పటి అంచు పట్టుకున్నాను, ఇంకో అంచు ఆమె పట్టుకుంది. పిండాం.

"అక్కా, వచ్చే ఏడాది గురించి ఏమన్నా ఆలోచించావా?"

"దేని గురించి?"

"అదే. అన్నిటి గురించి."

"ఆలోచించాను. నీళ్ళ మోటారు మార్చాలి. మీ బావగారికి చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది."

ఇంక మోటారు గురించే మాట్లాడుకున్నాం. ఏ కంపెనీది మంచిది, ఎవరిని పిలవాలి అని. నీళ్ళు నమిలే మనిషికి నీళ్ళ మోటారు కంటే మంచి విషయం దొరకదు. కిందికొచ్చాక మా ఆయన, "చెప్పావా?" అన్నాడు. "బట్టలింకా తడిగా ఉన్నాయి" అన్నాను. ఏమంటున్నానో నాకే తెలియలేదు.

ఆమే చెబితే బాగుంటుంది. "ఇంక చాలు, మానేస్తాను" అని ఒక్కమాట అంటే పూలదండ వేసి, పెద్ద సభ పెట్టి, ఫొటో తీయించి, గౌరవంగా పంపొచ్చు. ఎవరికీ నొప్పి ఉండదు. గౌరవం ఆమెదే కదా, ఆమె కోసమే అంటున్నాను.

ఫిబ్రవరి 3, మంగళవారం

స్పోర్ట్స్ ఆఫీసర్ ఫోన్. "ఏమాలోచించారు మేడమ్?"

ఆలోచిస్తున్నానన్నాను.

"పర్వాలేదు, నిదానంగానే ఆలోచించండి. శుక్రవారంలోగా చెప్పండి."

చెప్పలేదు.

ఫిబ్రవరి 7, శనివారం

గెలిచాం. ఎవరి మీద? బ్యాంకు జట్టు మీద. పట్టికలో మొదటిస్థానం వాళ్ళది, ఈ సీజన్‌లో ఇంతవరకు ఓడింది లేదు.

సంతోషంగా ఉండాలి. ఉన్నాను. హాలు పైకప్పు లేచిపోయిందనుకున్నాను. అక్క ఈ ఒక్కరోజుకు పదేళ్ళు వెనక్కి వెళ్ళింది. రీబౌండ్ కోసం ఎగరనక్కరలేదు ఆమెకు. బంతి రింగుకు తగిలి ఎటు పడుతుందో ముందే తెలిసి అక్కడికి పోయి నిలబడుతుంది. తనకంటే చేతెడు పొడుగున్న పిల్లలు గాల్లో ఒకరినొకరు గుద్దుకుంటుంటే బంతి వచ్చి ఈమె చేతుల్లో పడుతుంది. అక్కడినుంచి చూడకుండానే మూలకు విసురుతుంది. మూలలో గురి ఉంటుంది. గురికి బంతి అందిందంటే హాల్లో జనం ముందే లేచి నిలబడతారు. ఇవాళ కూర్చున్నవాళ్ళెవరూ లేరు. అత్తయ్య కూడా కుర్చీ ఎక్కింది. బావగారు ఆమె నడుం పట్టుకుని నిలబడ్డారు, పడిపోతుందని.

చివర్లో ఒక పాయింటు వెనక ఉన్నాం. అక్కను తోసేశారు, కింద పడింది, లేచింది, రెండు ఫ్రీ త్రోలూ వేసింది. అయిపోయింది.

స్పోర్ట్స్ ఆఫీసర్ పరిగెత్తుకొచ్చాడు. కళ్ళలో నీళ్ళు, నిజంగానే. "ఇంక ఆలోచనే లేదు మేడమ్. ఇద్దర్నీ ఉంచేద్దాం. పైవాళ్ళకు ఇప్పుడే చెప్పేశాను."

ఇద్దర్నీ ఉంచేద్దాం. నెల రోజులుగా నన్నడిగి, ఒక్క సాయంత్రంలో ఆయనే చెప్పేశాడు.

పిడుగు బెంచీ మీదే ఉంది. ఆటంతా. చప్పట్లు కొట్టింది, అందరికంటే గట్టిగా. ఆఖర్న బ్యాంకు జట్టు కోచ్ వచ్చి దాని పక్కన కూర్చుని ఏదో మాట్లాడి వెళ్ళాడు. ఓడిన కోచ్‌కు మా బెంచీ దగ్గర ఏం పని?

ఫిబ్రవరి 8, ఆదివారం

పొద్దున అక్క మెట్లు దిగింది. వెనక్కి తిరిగి, రెయిలింగు రెండుచేతులా పట్టుకుని, నిచ్చెన దిగినట్టు దిగింది. నేను కిటికీలోంచి చూస్తున్నానని ఆమెకు తెలియదు.

ఫిబ్రవరి 14, శనివారం

ఓడాం. అక్క ఆడలేదు, మోకాలు వాచింది. పిడుగును ఆడించాను. కానీ ఆగి ఆగి ఆడటం అలవాటైపోయింది దానికి. ఎదురుగా ఎవరూ లేకపోయినా ఆగి, వెనక్కి చూసింది. కెప్టెన్ వస్తోందేమోనని. కెప్టెన్ బెంచీ మీద కాలు చాపుకుని ఉంది.

నేనే నేర్పాను.

ఫిబ్రవరి 19, గురువారం

పిడుగు వచ్చి చెప్పింది. బ్యాంకువాళ్ళు పిలిచారట. సీజన్ అయిపోగానే వెళ్ళిపోతుందట.

"ఎవరితోనైనా మాట్లాడావా?" అన్నాను.

"కెప్టెనక్కను అడిగాను మేడమ్."

"ఏమంది?"

పిల్ల నేలకేసి చూసింది. "వెళ్ళమంది."

ఫిబ్రవరి 20, శుక్రవారం

నిన్నటి నుంచి ఒళ్ళు మండుతూనే ఉంది. ఇంట్లో అడిగితే అత్తయ్య, బావగారు, మా ఆయన అందరూ జడ్జీలైపోతారు. అందుకని డిపోకు వెళ్ళాను. ప్రాక్టీసు లేని పూట అక్క పోయిన వస్తువుల కౌంటర్‌లో కూర్చుంటుంది. బస్సుల్లో జనం వదిలేసినవన్నీ వెనక అరల్లో ఉంటాయి. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు, ఒక కట్టుడు పళ్ళ సెట్టు కూడా. ఆట మానేస్తే పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఇక్కడే.

ఆమె ఎదురుగా నిలబడి, "ఆ పిల్లను వెళ్ళిపొమ్మన్నావా?" అన్నాను.

"అన్నాను."

"కెప్టెన్‌వి. నీ జట్టులోంచి నువ్వే పంపించేస్తావా?"

"మెల్లగా. ఇది ఆఫీసు."

అంతలో ఒకాయన వచ్చాడు. గొడుగు పోయిందట. నల్లది.

"అన్నీ నల్లవే సార్. పిడి ఎలా ఉంటుంది?" అంది అక్క.

"పిడి... మామూలుగా ఉంటుంది."

ఆమె లేచింది. టేబుల్ మీద రెండు చేతులూ ఆనించి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు లేచింది. అరలోంచి ఒక్కొక్క గొడుగే తీసి చూపిస్తుంటే నేను పక్కన కుతకుత ఉడుకుతూ నిలబడ్డాను. నాలుగోది ఆయనదే. సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

"ఇప్పుడు చెప్పు" అంది, కూర్చోకుండా.

"నువ్వు చెప్పు. ఎందుకు పంపించావు?"

"నువ్వు నన్ను తీసేయలేవు. నేను మానలేను. మనిద్దరి మధ్య అది ఎందుకు నలగాలి? అదన్నా బయటపడనీ."

నేను కౌంటర్ మీద మిగిలిన గొడుగులు సర్దడం మొదలుపెట్టాను.

"నేనే మానేస్తానంటానని ఎదురుచూస్తున్నావు కదూ. దుప్పటి పిండుతూ అడిగావే, ఆ రోజే తెలిసింది. మోటారు గురించి కాబట్టి సరిపోయింది కానీ, లేకపోతే కన్నీళ్ళు పెట్టుకునేదానివి."

"నీ గౌరవం కోసమే అక్కా..."

"నా గౌరవం సంగతి నేను చూసుకుంటాను. నాకింకా ఆడాలనుంది. మోకాలు ఒప్పుకోవడం లేదు, మనసు ఒప్పుకుంటోంది. నా నోటితో చాలు అని నేను అనను. తీసేయడం కోచ్ పని. నువ్వు కోచ్‌వా, నా తోడికోడలివా? ఏదో ఒకటి తేల్చుకుని రా."

"రెండూనే" అన్నాను.

"అదే తంటా" అంది అక్క. వెనక ఎవరో చంటిపిల్ల టోపీ పోయిందని వచ్చారు.

ఫిబ్రవరి 21, శనివారం

ఓడాం. ఇద్దర్నీ ఆడించాను. పిడుగును ఆఖర్న కాసేపు.

ఇంకా ఏమీ తేల్చుకోలేదని దీనర్థం కాదు. వాళ్ళు బాగా అలవాటుపడ్డ జట్టు మీద ఆడుతున్నాం, అంతే.

ఫిబ్రవరి 28, శనివారం

ఓడాం. అడుగుకు జారాం. మిగిలింది ఒకే మ్యాచ్, అదీ మా పైన ఉన్న జట్టుతో. గెలిస్తే ఉంటాం, ఓడితే కింది డివిజన్.

మార్చి 9, సోమవారం

స్పోర్ట్స్ ఆఫీసర్ గదికి వెళ్ళాను. ఫ్యాను తిరుగుతోంది, ఆయన కాగితాల మీద బరువుకు చిన్న కప్పు పెట్టాడు. అక్క తెచ్చిన కప్పుల్లో ఒకటి.

"కొత్తగా కడదాం సార్. అక్కా, గురీ వచ్చే ఏడాది వద్దు. శనివారం మ్యాచ్‌కే మొదలుపెడతాను."

ఆయన నాకేసి పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "శనివారం ఓడితే పోతాం మేడమ్. ఆ ఒక్కటీ వాళ్ళతో ఆడించి, ఆ తరవాత కట్టుకోండి."

"ఈ ఒక్కటీ, ఈ ఒక్కటీ అనుకుంటూ ఇక్కడిదాకా వచ్చాం."

"రేపు పైవాళ్ళు అడిగితే నేనేం చెప్పాలి?"

"కోచ్ చెప్పిందని చెప్పండి. అప్పుడు మీరే అన్నారు కదా."

ఇంటికి వచ్చి పైకెక్కి అక్కకు మొహం మీదే చెప్పాను. బావగారు, అత్తయ్య ఉండగానే. అక్క వింది. "సరే" అంది. కళ్ళు ఎర్రబడ్డాయి. లోపలికెళ్ళి తలుపేసుకుంది. అత్తయ్య నా చేతిలోంచి మంచినీళ్ళ గ్లాసు తీసుకుని, "నువ్వింక కిందికి పో" అంది.

గురికి ఫోన్ చేశాను. ఆమె మాత్రం నన్ను కడిగిపారేసింది. అన్నీ వినాల్సిన మాటలే.

మార్చి 14, శనివారం

రాయాలి.

పిడుగుకు ఒకే ఒక్క మాట చెప్పాను. "ఎవరి కోసమూ ఆగకు."

ఆగలేదు. మొదటి సగం చూసినవాళ్ళెవరూ మాది అడుగున ఉన్న జట్టని నమ్మరు. పిల్లలు ఐదుగురూ గాలికి కొట్టుకుపోతున్నట్టు పరిగెత్తారు. బంతులు పారేసుకున్నారు, ఒకరికొకరు అడ్డొచ్చారు, ఎవరు ఎక్కడుండాలో మరిచిపోయారు, అయినా పరిగెత్తారు. తొమ్మిది పాయింట్లు ముందున్నాం.

రెండో సగంలో అవతలివాళ్ళు తెలివి తెచ్చుకున్నారు. రింగు కింద కాచుకున్నారు. రీబౌండ్లన్నీ వాళ్ళవే. తొమ్మిది కాస్తా ఐదయింది, ఐదు రెండయింది. జనం మొదలుపెట్టారు. ముందు ఒక మూల నుంచి, తరవాత హాలంతా. "కెప్టెన్! కెప్టెన్!" బెంచీ మీద నా పక్కన అక్క కూర్చుంది. ట్రాక్‌సూట్ జిప్పు సగం దాకా తీసింది. ఏమీ అడగలేదు. నాకేసి చూడలేదు కూడా, కోర్టుకేసే చూస్తోంది.

పంపితే గెలుస్తాం. ఆ నిమిషంలో నాకిది ఎంత ఖచ్చితంగా తెలుసో, ఇంకేదీ అంత ఖచ్చితంగా తెలియదు. ఆ రింగు కింద బంతి ఎక్కడ పడుతుందో చెప్పగల మనిషి నా మోచేతికి తగులుతూ కూర్చునుంది.

పంపలేదు.

చివర్లో ఒక పాయింటు వెనకబడ్డాం. పిడుగు బంతి లాక్కుని కోర్టంతా ఒక్కతే పరిగెత్తింది. ముందు ఎవరూ లేరు. రింగు కిందికి చేరి, ఎగిరి లే-అప్ వేసింది. బంతి రింగు మీద తిరిగి, తిరిగి, బయటపడింది. గంట మోగింది.

పిల్ల అక్కడే బోర్లా పడుకుంది. అక్క లేచి కుంటుకుంటూ వెళ్ళి, దాని చంకల కింద చేతులు పెట్టి లేపింది. నా పక్కనుంచి వెళుతూ జిప్పు పైదాకా లాక్కుంది.

కింది డివిజన్‌కు పోయాం.

మార్చి 15, ఆదివారం

అత్తయ్య రాత్రి భోజనం కూడా పైనే చేస్తోంది.

మార్చి 18, బుధవారం

కంపెనీ పైవాళ్ళు పిలిచారు. స్పోర్ట్స్ ఆఫీసర్ నా పక్కనే కూర్చుని, "ఇది పూర్తిగా కోచ్ నిర్ణయం సార్" అని మూడుసార్లు అన్నాడు. నన్ను ఒక ఏడాది ఉంచుతారట. ఆ తరవాత చూస్తారట. కింది డివిజన్ జట్టుకు పెద్ద కోచ్ దొరకడు కాబట్టి ఉంచారని మా ఆయన అన్నాడు. ఓదార్చడమట అది.

మార్చి 23, సోమవారం

పిడుగు ప్రాక్టీసుకు వచ్చింది. సీజన్ అయిపోయింది, ఎవరూ రమ్మనలేదు. ఒక్కతే లే-అప్‌లు వేస్తోంది.

"బ్యాంకువాళ్ళ దగ్గరికి వెళ్ళలేదా?"

"వచ్చే ఏడాది వెళతాను మేడమ్. ఆ బంతి పోగొట్టింది నేను. జట్టును మళ్ళీ పైకి తెచ్చి వెళతాను."

"తేగలవా?"

"తేలేకపోతే ఎలాగూ బ్యాంకువాళ్ళు పిలవరు."

ఎంతో కాలం తరవాత నవ్వొచ్చింది. మొహం మీదకు రానివ్వలేదు.

మార్చి 29, ఆదివారం

మెట్ల మీద అక్క ఎదురుపడింది. నేను పైకి, ఆమె కిందికి. దారివ్వడానికి పక్కకు తప్పుకున్నాను. ఆమె కదలలేదు.

"ఆ రోజు నన్ను పంపి ఉంటే గెలిచేవాళ్ళం."

"గెలిచేవాళ్ళం."

"తెలిసే పంపలేదా?"

"తెలిసే."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"అంత గట్టిదానివై ఉండి, జనవరిలోనే ఎందుకు చెప్పలేదే? అప్పుడే చెప్పి ఉంటే నేను వేరే జట్టు చూసుకునేదాన్ని. నీ మొహమాటానికి నా సీజన్ ఒకటి తగలబడింది, ఆ పిల్లలదీ తగలబడింది."

 

ఏప్రిల్ 12, ఆదివారం

కంపెనీ జట్టులోంచి తీసేసినవాళ్ళు బయటి క్లబ్బులకు ఆడుకోవచ్చు. అలాంటి నిబంధన ఒకటుందని నాకు గుర్తే లేదు. అక్కకు గుర్తుంది. స్పోర్ట్స్ ఆఫీసర్ చేత సంతకం కూడా పెట్టించుకుంది. మార్కెట్ వెనకాల ఒక చిన్న క్లబ్బు ఉంది, దాంట్లో చేరింది. వెంట గురిని కూడా తీసుకెళ్ళింది.

ఆ క్లబ్బు ఆడేది కింది డివిజన్‌లో. మేం పోయిపడ్డ డివిజన్‌లోనే.

ఈ వార్త అందరినీ మా ముందుగదిలో కూర్చోబెట్టి చెప్పింది. అత్తయ్య ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"మరి నేనెటు కూర్చోవాలి?"

"నీ ఇష్టం అత్తయ్యా. కుర్చీ మాత్రం ఎక్కకు" అంది అక్క.

బావగారు, మా ఆయన కలిసి మోటారు చూసొస్తామని లేచిపోయారు. దాన్ని కొత్తది వేయించి అప్పటికే నెల దాటింది.

నేను వంటగదిలోకి వెళితే వెనకే వచ్చింది. కోపం అలాగే ఉంది, మాటలో తెలుస్తోంది.

"చూడు. నా మీద జాలిపడి ఆ పిల్లను మెల్లగా ఆడమన్నావంటే, ఇదే ఇంట్లో ఉంటూ నీతో మళ్ళీ మాట్లాడను."

"అలా చెప్పను."

"ఆగమనకు దాన్ని."

"అనను."

"నిన్ను నమ్మొచ్చా?"

నమ్మొచ్చని అన్నాను. గిన్నెలు తోమడానికి నా పక్కన నిలబడింది.

ఏప్రిల్ 13, సోమవారం

ప్రాక్టీసులో పిల్లలందరిచేతా పరిగెత్తించాను. ఈ చివర నుంచి ఆ చివరకు, ఆగకుండా. కడుపు పట్టుకుని కూలబడ్డవాళ్ళను లేపి మళ్ళీ పరిగెత్తించాను. "దేనికి మేడమ్ ఇంత?" అని పిడుగు అడిగింది.

"పాత కెప్టెన్‌ని ఓడించాలంటే ఇదొక్కటే దారి" అన్నాను.

మూడేళ్ళుగా ఈ సంగతి నాకు తెలుసు. ఆమె వైపు నిలబడి ఉన్నాను కాబట్టి పైకి అనలేకపోయాను. ఇప్పుడు ఎదురుగా నిలబడి ఎంత సులువుగా అనేశానో తలుచుకుంటే, ఇంటికి పోబుద్ధి కావడం లేదు.